ఒక్క కుడిచుట్టు

బోటాటౌంగ్,
యాంగోన్, 2 నవంబరు 2025, ఆదివారం

బావగారికి వీరలక్ష్మి రాస్తున్నది.

అత్తా నేనూ బాగున్నాం. నేను ఎవరికైనా ఉత్తరం రాయడం ఇదే మొదలు. గుడిలో సాయంత్రం బడికి నాలుగేళ్ళు వెళ్ళాను గానీ, రాధారాణి టీచరు మా చేత పద్యాలు రాయించేది, ఉత్తరాలు రాయించలేదు. తప్పులుంటే నవ్వుకోండి. మీతో పనిచేసే శామ్సన్‌కి మాత్రం చూపించకండి. మీ ఫోను సైటు గేటు దగ్గరే తీసుకున్నారని ఆల్బర్ట్ అన్నయ్య చెప్పాడు. వారం వారం మీ వంటశాలకు కూరలూ ఐసూ తీసుకొచ్చే లారీ తనదే కాబట్టి ఉత్తరాలు తెచ్చిపెడతానన్నాడు. అందుకని ఈ ధైర్యం.

మీరు వెళ్ళిన వారంలోనే వార్డు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. సైన్యంలోకి పిలిచే వయసున్న మగవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు. నీ భర్త పేరేమిటని నన్ను అడిగారు. నేను ఎలా చెప్పను? తల వంచుకుని నిలబడ్డాను. మనిషిని దాచిపెట్టామని వాళ్ళకు అనుమానం వచ్చి ఒకతను చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. అత్త వంటింట్లోంచి పరుగున వచ్చి మీ పేరు చెప్పి, కంపెనీ కార్డు నకలు చూపించింది. వాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "సైటులో ఉన్నన్నాళ్ళే ఇది చెల్లుతుంది. బయట కనిపిస్తే మాతో రావాల్సిందే" అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత అత్త నాకు పెట్టిన చీవాట్లు మీరు వినాల్సింది.

"ఒలే, మొగుడి పేరు సెప్తే నోరు పడిపోద్దేటే? నాను నేకపోతే ఏటి సేద్దువు?"



ఎదురు వాటా రాజ్యం పిన్ని కొడుకు టీకొట్టుకని వెళ్ళి ఇంకా రాలేదు. పిన్ని రోజూ అతనికి కూడా ఎసట్లో బియ్యం పోస్తోంది. అది చూసినప్పుడు మీరు అక్కడ ఉండడమే నయమనిపిస్తుంది.

మీరు కట్టేది కార్లు పందెం పరుగెత్తే దారి అట కదా. అది ఏ ఊరు వెళ్తుందని అత్త ఆల్బర్ట్ అన్నయ్యను అడిగింది. "ఏ ఊరూ ఎల్దు పిన్నీ. సుట్టూ తిరిగి బయల్దేరిన కాడికే వస్తాది" అన్నాడు. ఏ ఊరూ వెళ్ళని దారికి అంతమంది మనుషులెందుకని అత్త మధ్యాహ్నమంతా నన్ను సతాయించింది. అదేమిటో మీరే రాయండి.

సీసాలో ఎండురొయ్యల బాలచాంగ్ ఉంది, డబ్బాలో గోంగూర. గోంగూరలో కారం ఎక్కువైంది. కరెంటు పోయి చీకట్లో వేశాను.

ఉంటాను.
వీరలక్ష్మి


సైటు, హ్లెగూ అవతల
10 నవంబరు, సోమవారం

లక్ష్మికి,

"బావగారికి" అని చూసి ఎవరో పెద్దమనిషి ఉత్తరం పొరపాటున నాకిచ్చారనుకున్నాను. తటోన్‌లో చిన్నప్పుడు మీ పెరట్లో ఉసిరికాయ కోసం నా చెయ్యి కొరికావు. అప్పుడు ఈ "గారు" ఎక్కడుంది? పెళ్ళయి ఏడాది దాటింది. ఇంట్లో పిలవవు సరే, కాగితం మీదైనా "నువ్వు" అని రాయి. ఇక్కడ సిగ్గుపడడానికి ఎవరూ లేరు.

నీ ఉత్తరం గేటు దగ్గర విప్పారు. కాపలావాడు అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది మన రాతేనా? రాసినవాడు తాగున్నాడా?" అన్నాడట. ఆల్బర్ట్ ఏమాత్రం తడుముకోకుండా అది ప్రార్థన అని చెప్పాడట. వాడు చెంపలేసుకుని ఇచ్చేశాడు. కాబట్టి నీకు తోచింది రాసుకో. మన తెలుగు సున్నాలు ఇక్కడ ఎవరికీ అంతుపట్టవు.

అమ్మకు ఇలా చెప్పు. గుడ్డును పొడవుగా పడుకోబెట్టి దాని చుట్టూ గీత గీస్తే వచ్చే ఆకారం ఈ దారిది. అటూ ఇటూ రెండు తిన్నని దారులు, రెండు కొసలా రెండు పెద్ద మలుపులు. ఎంత పెద్దదంటే ఈ మలుపులో నిలబడితే ఆ మలుపులో మనిషి కంటికి ఆనడు. మలుపుల్లో నేల చదునుగా ఉండదు. బయటి అంచు పైకి లేచి ఉంటుంది, అమ్మ బూరెలు వేయించే మూకుడు లోపలి పక్కలాగా. పైకి వెళ్ళేకొద్దీ ఇంకా నిటారు. అలా ఎందుకు కట్టారంటే, వేగంగా వచ్చే కారు మలుపులో బయటికి విసిరికొడుతుందట. లేచిన నేల దాన్ని కాసుకుని లోపలికి తిప్పుతుందట. ఇక్కడి ఇంజనీరు ఒకసారి అన్నాడు, వేగంగా పోయేవాడికి అది నేల, నెమ్మదిగా పోయేవాడికి గోడ అని.

నేను నెమ్మదిగా పోయేవాణ్ణి. తారు వేసి వెళ్ళాక దాన్ని అణిచే రోలర్ నాది. అది మనిషి నడకంతే పోతుంది, తాడు లేకపోతే గోడ మీద నిలవదు. అందుకని పై అంచున ఇంకో బండి మీద తాడు చుట్టి లాగే వించి పెట్టారు, సేక్కాన్ రేవులో శామ్సన్, నేనూ నడిపినటువంటిదే. శామ్సన్ పైన, నేను కింద. వాడి వించి ఇనుప తాడు నా రోలర్‌ను పట్టుకుని ఉంటుంది. ఇద్దరం ఒకే అడుగున కదలాలి.

భయపెట్టేది మలుపు కాదు. తిన్నని దారి మలుపుగా మారే చోటుంది, అది. చదును నేల కొంచెం కొంచెంగా మెలి తిరుగుతూ గోడ అవుతుంది, తడిబట్ట పిండినట్టు. ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. ముందు నడుముకు తెలుస్తుంది.

కార్లన్నీ ఇందులో ఎడమచేతి వైపే తిరుగుతాయి. ఎప్పుడూ అంతే. మా మిషన్లూ అంతే. మొదటి నాలుగు రోజులు మెడ ఎడమకే పట్టేసింది.

గోంగూర శామ్సన్ సగం తినేశాడు. కారం చాలలేదట.

మూకుడు అంచున చీమ,
నాగేంద్ర


బోటాటౌంగ్,
16 నవంబరు, ఆదివారం

బావకు,

"గారు" తీసేశాను. రెండోది నా వల్ల కాదు. రాయబోతే చెయ్యి ఆగిపోతోంది.

మీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. తాడు మిమ్మల్ని పట్టుకుని ఉంటుందని రాశారు కదా. "తాడుతో కట్టీసేరా? నా కొడుకేటి, ఎద్దా?" అని లేచింది. కట్టింది రోలర్‌నని ఎంత చెప్పినా వినలేదు. కుళాయి దగ్గర వరసలో నిలబడి, సైటులో మగవాళ్ళు పారిపోకుండా తాళ్ళతో కడుతున్నారని అందరికీ చెప్పేసింది. సాయంత్రానికి సంచౌంగ్ నుంచి మీ కనకం పెద్దమ్మ మనిషిని పంపి నిజమేనా అని అడిగించింది. నేను తలుపు వెనకనుంచి కాదని చెప్పాను. వినిపించిందో లేదో.

అంతవరకూ నవ్వొచ్చింది. ఎడమకే తిరుగుతామన్న మాట దగ్గరకొచ్చేసరికి అత్త నా చేతిలో కాగితం మీద చెయ్యి పెట్టింది.

"మీ మావని సాగనంపినప్పుడు నాగేంద్ర కుండెత్తుకుని ఎటు తిరిగాడే?"

ఇద్దరికీ తెలుసు. దేవుడి చుట్టూ తిరిగితే కుడిచేతి వైపు. చితి చుట్టూ తిరిగితే ఎడమ. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. పై వాటా ఆవిడ డా ఎయ్ కూడా, బోటాటౌంగ్ పగోడాలో పిచ్చివాడు సైతం ఎడమచుట్టు తిరగడు, అక్కడ రోజంతా అలా తిరిగితే ఎలా అంది. నేను ఏమీ అనుకోకూడదనే అనుకున్నాను. కానీ గిన్నె తోముతున్నా చెయ్యి ఎటు తిరుగుతోందో చూసుకుంటున్నాను.

ఇంకొకటి. బుట్ట దింపుతూ ఆల్బర్ట్ అన్నయ్య నోరు జారాడు. మీకంటే ముందు ఆ రోలర్ మీద ఇంకొకతను ఉండేవాడట కదా. అతని తువ్వాలు ఇంకా సీటు మీదే ఉందట. అతను ఏమయ్యాడని అడిగితే, "నాకేటి తెలుసమ్మా, నాను కూరల బండోణ్ణి" అని లారీ ఎక్కేశాడు.

అతను ఏమయ్యాడు?

రాజ్యం పిన్ని మీకు జంతికలు పంపింది. కొడుకు కోసం చేసిందట.

వీరలక్ష్మి


సైటు
24 నవంబరు, సోమవారం

లక్ష్మికి,

అమ్మ ఎద్దు మాట శామ్సన్‌కి చెప్పాను. అప్పటినుంచి తాడు విప్పేటప్పుడల్లా నన్ను "హై, హై" అని అదిలిస్తున్నాడు.

నాకు ముందున్నతను కాలు విరిగి ఊరికి వెళ్ళిపోయాడు. అలాగని సయా చెప్పాడు. మా సూపర్వైజరును అందరం సయా అంటాం. ఏ ఊరని అడిగితే తెలియదన్నాడు. తువ్వాలు ఉన్నమాట నిజమే. మంచిదే, చెమట తుడుచుకోవడానికి వాడుకుంటున్నాను.

ఎడమకే ఎందుకని ఇంజనీరును అడిగాను. నవ్వాడు. ఇలాంటి దారులు ఎక్కడ కట్టినా దాదాపు అంతేనట. కార్లు ఆగి చక్రాలు మార్చుకునే చోటూ, పెట్రోలు పోసుకునే చోటూ లోపలి పక్కన ఎడమచేతికే వచ్చేలా గీసేశారట. మేం వేసే తారు పట్టీలు కూడా ఇంటిపెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎడమపోకకు అనువుగా ఉన్నాయి. ఒకసారి గీసి కట్టాక ఇక దీనికి రెండో వైపు లేదు. ఇది విన్నాక నాకు మనసు తేలికపడాలి. పడలేదు.

నీ ఉత్తరం రాకముందు నేను ఎడమా కుడీ అనుకోలేదు. పని, అన్నం, నిద్ర. ఇప్పుడు సీటెక్కితే నాన్న గుర్తొస్తున్నాడు. భుజం మీద కుండ ఉన్నట్టే ఉంటుంది. మొన్న పొద్దున మంచులో అవతలి మలుపు ఎక్కుతుంటే రోలర్ కిందికి జారింది. ఎక్కువేం కాదు, అరచేతి వెడల్పు. తాడు బిగిసి ఆపింది. బిగిసినప్పుడు అది సన్నగా పాడింది లక్ష్మీ. రేవులో ఎన్ని తాళ్ళు చూశానో, అలా పాడిన తాడును చూడలేదు. శామ్సన్ పైనుంచి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. ఇది అమ్మకు చదవకు.

వదిలేసి వచ్చేస్తే పోదా అని నువ్వు అడుగుతావని తెలుసు. గేటు తీసే ఉంటుంది, ఎవరినీ ఆపరు. కార్డు మాత్రం గేటు దగ్గర ఇచ్చి వెళ్ళాలి. కార్డు లేకుండా బోటాటౌంగ్ దాకా ఎవడు వస్తాడు? ఏప్రిల్‌లో నీళ్ళ పండుగకు ముందే దారి పూర్తవుతుంది. ఆ తర్వాత చూసుకుందాం.

అమ్మకు ఇలాంటివాటికి ఏదో ఒక విరుగుడు తెలిసే ఉంటుంది. అడిగి రాయి. నేను అడగమన్నానని చెప్పకు, నవ్వుతుంది.

నాగేంద్ర


బోటాటౌంగ్,
15 డిసెంబరు, సోమవారం ఉదయం

బావకు,

ఆల్బర్ట్ అన్నయ్య లారీకి అనుమతి కాగితం గడువు అయిపోయి రెండు వారాలు ఇక్కడే ఉండిపోయాడు. ఇవాళే కదులుతున్నాడు. మీరు ఆ గోడ మీదే ఉన్నారా, జారారా అని ఈ రెండు వారాలూ నాకు ఎవరు చెబుతారు? అత్తకు చదవవద్దన్నారు, చదవలేదు. మనసులో దాచుకుని ఒక్కదాన్నే తిరిగాను.

విరుగుడు అడిగితే అత్త నవ్వలేదు. ఏడుస్తుందనుకున్నాను, అదీ లేదు. చీర మార్చుకుని నన్ను వెంటబెట్టుకుని గుడికి బయల్దేరింది. పంతులుగారు అంతా విని చెప్పారు. ఎడమచుట్టు దోషం కుడిచుట్టుతోనే పోతుందట. లక్ష్మీవారం పొద్దున, పని మొదలుకాకముందు, మొదలుపెట్టిన చోటునుంచి మళ్ళీ ఆ చోటికి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక్క కుడిచుట్టు తిరగాలట. ఆగితే చుట్టు చుట్టు కాదన్నారు. మొన్న లక్ష్మీవారం పూజలో పసుపుగుడ్డలో నిమ్మకాయ కట్టి అమ్మవారి ముందు ఉంచాం. అది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తిరిగేటప్పుడు దగ్గర ఉంచుకోండి. మార్గశిరంలో ఇక ఒక్క లక్ష్మీవారమే మిగిలింది, ఎల్లుండి తర్వాతి రోజు, పద్దెనిమిది. తప్పించకండి.

ఇంకా చాలా రాయాలనుంది. వీధిలో హారన్ కొడుతున్నాడు. అత్త కిటికీలోంచి "ఆగరా బాబూ, దాని సిగ్గు తీరనీ!" అని అరుస్తోంది. వీధంతా నవ్వుతున్నారు.

ఒక్క చుట్టు. మరవకండి.

వీరలక్ష్మి


సైటు
16 డిసెంబరు, మంగళవారం

లక్ష్మికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పసుపుగుడ్డ చేతిలోకి రాగానే భుజం మీది కుండ ఎవరో దింపినట్టయింది. నవ్వితే నవ్వు, నేను నవ్వడం లేదు.

అంతా కుదిరింది. గురువారం పొద్దున సయా కంపెనీ పని మీద యాంగోన్ వస్తున్నాడు, తారు కాగడం ఆలస్యమవుతుంది. ఆ లోపల రోలర్ తీసుకుని ఒక్క కుడిచుట్టు తిరిగేస్తాను. శామ్సన్‌ని ఒప్పించడానికే ప్రాణం పోయింది.

"మా దేవుడికి ఎడమా కుడీ నేదురా. వించికుంది" అన్నాడు.

వాడి మాటలోనూ అర్థముంది. తాడు వించిలోంచి ఒక కప్పీ మీదుగా కిందికి దిగుతుంది. ఆ కప్పీకి తాడు తొలగకుండా కాసే చెంప ఒక పక్కే ఉంది, మేం ఎప్పుడూ ఎడమకే పోతాం కాబట్టి అలా చేశారు. కుడికి పోతే తాడు చెంప లేని వైపు ఒరుసుకుంటుంది. వాడు బండిని వెనక్కి నడుపుతూ, ఒక కన్ను తాడు మీద వేసి ఉంచాలి. నెమ్మదిగా పోదాం, తాడు తొలిగేలా ఉంటే ఆగిపోదాం అన్నాడు. ఆగకూడదని చెప్పాను. ఆగితే చుట్టు చుట్టు కాదని నువ్వు రాసింది చదివి వినిపించాను. లోపలి చదును నేల మీద తిరగొచ్చు కదా అన్నాడు. దోషం ఉన్నది గోడ మీదైతే చదునులో తిరిగి ఏం లాభం? కొత్త బండి కొన్నవాడు బండితోనే కదా గుడి చుట్టూ తిరుగుతాడు. ఎడమకు తిరిగింది రోలర్. కుడికి తిరగాల్సిందీ రోలరే.

చివరికి ఒప్పుకున్నాడు. ఆ తాడు పాడిన రోజు నుంచి వాడూ సరిగ్గా నిద్రపోవడం లేదు. పసుపుగుడ్డను తిప్పే చక్రం పక్క కడ్డీకి కట్టాను. తువ్వాలు తీసి పారేశాను.

శుక్రవారం మళ్ళీ పనికెక్కినప్పుడు ఎటు తిరిగినా నాకు భయముండదు. అమ్మకు చెప్పు, ఎద్దు తాడు తెంపుకుంటోందని.

ఈసారైనా "నువ్వు" అని రాయి.

నాగేంద్ర


బోటాటౌంగ్ రేవు,
17 డిసెంబరు, బుధవారం

బావా, నడిచి. నడిచి తిరగమన్నాను.

రోలర్‌తో కాదు. కాళ్ళతో. చెప్పులు విడిచి, గుడి చుట్టూ తిరిగినట్టు. నేను రాయలేదు. ప్రదక్షిణం అంటే నడిచే కదా అనుకున్నాను, ఇంకోలా ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. నువ్వు రోలర్ ఎక్కొద్దు. ఆగకూడదన్నది నడిచేవాళ్ళకు. అలసిపోయి కూర్చోకూడదని. అంతే. తాడు తొలిగితే ఆగిపో. దూకెయ్యి. చుట్టు పోతే పోనీ, వచ్చే ఏడు మార్గశిరం రాదా?

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. చేతిలో పిండి చేతిలోనే ఉంది. అత్తకు చెప్పకుండా వచ్చేశాను. నేను ఒక్కదాన్నే రేవుకు రావడం ఇదే మొదలు, దారి రెండుసార్లు తప్పాను. ఆల్బర్ట్ అన్నయ్య ఐసు ఎక్కిస్తున్నాడు. ఆయన లారీ మళ్ళీ సైటుకు వచ్చే సోమవారం గాని వెళ్ళకూడదు. నా మొహం చూశాడు. "రాయమ్మా, రాసియ్యి" అని తన కలం ఇచ్చాడు. గేటుకు ఫోను చేశాడు. పనివాళ్ళు ఫోను దగ్గరికి రారని పెట్టేశారు. రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి నీ దగ్గరుంటానంటున్నాడు.

ఇది నీ చేతికి అందితే ఆల్బర్ట్ అన్నయ్య ముందే చదువు.

నడిచి, బావా.

లక్ష్మి


బోటాటౌంగ్,
21 డిసెంబరు, ఆదివారం

నాగేంద్ర బావా,

నా బుధవారం ఉత్తరం మడత విప్పకుండా నా దగ్గరికే వచ్చింది. దీన్ని దానితో కలిపి ఉంచుతున్నాను.

ఊరు దాటగానే సైన్యం వాళ్ళు ఆల్బర్ట్ అన్నయ్య లారీని ఆపి, ఐసు పెట్టెలన్నీ దింపించి వెతికారట. వదిలేసరికి బాగా ఎండెక్కింది. సైటు చేరేసరికి ఐసంతా నీరైపోయింది. గేటు దగ్గర నీ పేరు చెబితే, ఆ పేరుగలవాడు ఇక్కడ ఎవడూ లేడన్నారట. మళ్ళీ అడిగితే, కాలు విరిగి ఊరికి వెళ్ళాడన్నారట. ఏ ఊరంటే తెలియదట.

శామ్సన్ వంటశాల కంచె దగ్గరికి వచ్చి ఆయనతో మాట్లాడాడు. ఆయన నాకు చెప్పాడు. నీకు గుర్తుందో లేదో తెలియదు కాబట్టి నీకు రాస్తున్నాను. మొదటి మలుపు బాగానే గడిచిందట. నువ్వు పైకి చూసి చెయ్యి ఊపావట. అవతలి మలుపులో, ఆ మెలి తిరిగే చోట, తాడు కప్పీ మీంచి తొలిగింది. "ఆగరా, దూకీరా అని అరిసేను" అన్నాడట శామ్సన్. "ఆగకూడదురా, కొంచెమే ఉంది అన్నాడు." రోలర్ కింది దాకా దొర్లిపోయింది. నిన్ను కంపెనీ కారులో వేసుకుపోయారు. అప్పటికి నీ కళ్ళు తెరిచే ఉన్నాయట. శామ్సన్ ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడట, కళ్ళు తెరిచే ఉన్నాయని. ఏ ఆసుపత్రికో వాడికి చెప్పలేదు. అడిగితే వాడి కార్డు కూడా పోతుందన్నారు.

నిన్న ఆల్బర్ట్ అన్నయ్య ఆసుపత్రులన్నీ తిరిగాడు. ఎక్కడా నువ్వు లేవు.

అదే రోలర్ మీద ఇంకొకతను ఎక్కాడట. చిన్నవాడట. శుక్రవారం నుంచే. ఎడమకే తిరుగుతున్నాడు. కడ్డీకి పసుపుగుడ్డ అలాగే ఉందట, అదేమిటో అతనికి తెలియదు.

నిన్న వార్డు వాళ్ళు వచ్చారు. నీ కార్డు రద్దయింది, మనిషి ఎక్కడని అడిగారు. మీకే తెలియాలి అన్నాను. తల దించుకోకుండానే అన్నాను. వాళ్ళు ఇల్లంతా వెతికి, మంచం కింద కూడా చూసి వెళ్ళారు. వాళ్ళు వెతుకుతుంటే ఒక్క క్షణం నాకూ ఆశ కలిగింది, దొరుకుతావేమోనని.

అత్తకు అంతా చదివి వినిపించాను. నువ్వు వద్దన్నవి కూడా. నన్ను తిడుతుందనుకున్నాను. "నడిసే అని నాను మాత్రం సెప్పినానేటే? పంతులు సెప్పినాడేటి? ఎవులికి తట్టింది?" అంది. రాజ్యం పిన్ని వచ్చి పొయ్యి వెలిగించింది. మన ఇంట్లోనూ ఇవాళ నీకు కూడా బియ్యం పోసింది.

రేపు లారీ వెళ్తుంది. కూరల బుట్టల మధ్య చోటు చేస్తానన్నాడు ఆల్బర్ట్ అన్నయ్య. ఈ ఉత్తరం ఆయనకు ఇవ్వను, నేనే తెస్తాను. గేటు దగ్గర ఎవరు కావాలని అడుగుతారు. పొద్దుటినుంచి వంటింట్లో నీ పేరు పైకి చెప్పుకుంటున్నాను. మొదట గొంతు రాలేదు, ఇప్పుడు వస్తోంది. అత్త వింది. ఒకసారి నేను మెల్లగా అంటే, "గట్టిగా" అంది.

వాళ్ళు లేడంటే మళ్ళీ చెబుతాను. గేటు తియ్యకపోతే కంచె బయట పొలం గట్టు ఉందట, చుట్టూతా ఉందట. గేటు దగ్గర చెప్పులు విడిచి, కంచెను కుడిచేతి పక్కన పెట్టుకుని మళ్ళీ గేటు దాకా నడుస్తాను. నీకు ఎక్కడ వినిపిస్తుందో తెలియదు కాబట్టి నీ పేరు పిలుస్తూ నడుస్తాను.

మధ్యలో ఆగను.

నీ లక్ష్మి